పేర్లు లేని వేలిముద్రలు

1949 ఎండాకాలంలో నేను మున్సిఫ్ కచేరీలో అర్జీల గుమాస్తాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు చోట్లా పనిచేసినవాణ్ణి గనక, ఇది ఏ ఊరి కచేరీయో చెప్పను. అర్జీల గుమాస్తా అంటే మున్సిఫ్ గారికి కుడిభుజం. నన్ను అడగందే ఆయన కలం పట్టేవారు కాదని ముప్పై ఏళ్లు చెప్పుకున్నాను. నిజానికి ఆయనకు నా పేరైనా తెలియదు. నా పైన పేష్కారు, పేష్కారు పైన ఆయన. వచ్చిన అర్జీకి స్టాంపు సరిపోయిందా, వేలిముద్ర పక్కన పేరు, తండ్రి పేరు, ఊరు ఉన్నాయా అని చూసి, లోపముంటే అంచున ఎర్రసిరాతో రాసి పేష్కారుకు పంపాలి. నా పని అంతవరకే.

పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. మిలిటరీ పాలన. పదిమంది ఒకచోట కూర్చుంటే కమ్యూనిస్టులనే అనుమానం. ఆ రోజుల్లో తిరుమలగిరి వైపు గొర్రెలు కాసుకునే కొందరు సంతనాడు తాలూకా కచేరీ ముందు పొద్దుగూకేదాకా నోరు విప్పకుండా కూర్చున్నారు. అక్కడి బడిపంతులు యేసుదాసు వాళ్లకు పత్రిక చదివి వినిపించేవాడు. ఒక్క బాంబుతో ఒక పట్నం బూడిదైందని, మనిషీ పశువూ మిగల్లేదని విన్నాక వాళ్లకు నిద్ర పట్టలేదట. అలాంటి బాంబును ఏ సర్కారూ చేయకూడదని తెల్లగుడ్డ మీద రాయించి తెచ్చారు. ఆ గుడ్డ పట్టుకున్న సైదులును పోలీసులు పట్టుకుపోయి మిలిటరీ క్యాంపులో పెట్టారు.

అతని భార్య లచ్చమ్మ పంతులు రాసిన అర్జీ తీసుకుని, మిట్టమధ్యాహ్నం కాలినడకన నా బల్ల ముందుకొచ్చింది. అణుబాంబు వద్దని సర్కారును అడగడం ఏ చట్టం కిందా నేరం కాదు, సైదులు అడిగిందే మేమందరం అడిగాం, అతనిది తప్పయితే మాదీ తప్పే, కాదంటే వదిలిపెట్టండి. అర్జీ సారం ఇదే. కింద సైదులుతో కూర్చున్నవాళ్లవి, లచ్చమ్మది కాక, పద్నాలుగు వేలిముద్రలు, ఎవరు మొదలో ఎవరు చివరో తెలియకుండా గుండ్రంగా వేసి ఉన్నాయి. ఒక్కదాని పక్కనా పేరు లేదు.

"పేర్లేవీ?" అన్నాను.

"పంతులు వద్దన్నడు మున్షీ సాబూ. ఏలిముద్రలే సాలన్నడు."

"మీ పంతులుకు బడి తెలుసు గాని కచేరీ తెల్వదు. గిట్ల పంపితే వాపసు వస్తది. నీ మొగడు ఆడనే ఉంటడు, మరి నీ ఇష్టం."

ఆమె అర్జీని బల్ల మీద నా వైపు తిప్పి పరిచింది. తర్వాత, ముద్రలు వేసేటప్పుడు పక్కనే ఉండి చూసింది గనక, ఒక్కొక్క ముద్ర మీద వేలుపెట్టి చెప్పడం మొదలుపెట్టింది: ఇది మా మరిదిది, ఇది గుంతకన్ను వీరయ్యది, ఇది మా చిన్నాయనది. ముద్ర ముద్రకూ గీత లాగి, పేరు, తండ్రి పేరు, ఊరు, గుడిసె ఏ దిక్కునుందో కూడా రాశాను. గుడిసె దిక్కు ఏ రూలూ అడగలేదు. నా పనితనం చూపించుకోవాలని రాశాను.

పోలీసులు పట్టుకున్న మనిషి గురించి అర్జీ వస్తే దాని నకలు పోలీసులకు పంపడం పద్ధతి. ఆ నకలు కూడా నేనే రాశాను. పేష్కారు చూసి బాగుందన్నాడు. ఆ మాటకు రెండు రోజులు మురిసిపోయాను.

వారం తిరక్కముందే పోలీసులు గుడిసె గుడిసెకూ తిన్నగా వెళ్లి పద్నాలుగు మందినీ పట్టుకుపోయారు. ఎక్కడా దారి అడగలేదట. అర్జీ ఎవరు రాశారని అడిగితే పంతులు తానేనని ముందుకొచ్చాడు. అతన్నీ పట్టుకుపోయారు. మిలిటరీ నిర్బంధంలో ఈ కచేరీకి అధికారం లేదని మున్సిఫ్ గారు రెండు పంక్తుల్లో అర్జీ కొట్టేశారు. సైదులు ఆ వానాకాలం క్యాంపులోనే రక్తవిరేచనాలతో పోయాడు.

హుకుం నకలు కోసం లచ్చమ్మ మళ్లీ వచ్చింది. కాగితం చేతికిస్తే దాన్ని చూడలేదు, నన్నే చూసింది.

"సక్కగ రాస్తివి మున్షీ సాబూ. పోలీసోళ్లకు జర గూడ తిప్పలు లేకపాయె."

తర్వాత మరో ఊరికి బదిలీ అయ్యాక ఈ కథ మరోలా చెప్పాను. జాబితాను పోలీసులు దౌర్జన్యంగా లాక్కుపోయారనీ, నేను బల్లకు అడ్డం పడ్డాననీ. చాలామంది నమ్మారు. ఎవరూ ఏదీ లాక్కోలేదు. పేర్లు లేవని ఎర్రసిరాతో ఒక్క ముక్క రాసి పైకి పంపితే నా ఉద్యోగ ధర్మం తీరిపోయేది. మహా అయితే అర్జీ వాపసు వచ్చేది. నకలు ఎవరి చేతికి పోతుందో నాకు తెలుసు. తెలిసినా ఆలోచించలేదు.

ఆ సంఘటన నుంచి నేర్చుకున్నది ఒక్కటే. అర్జీలో ఖాళీ కనిపిస్తే అది తెలియక వదిలిందా, తెలిసి వదిలిందా అని తెచ్చినవాణ్ణి అడగాలి. మిగిలిన సర్వీసులో అడుగుతూనే వచ్చాను. తెలిసే వదిలామన్నవాళ్ల కాగితాన్ని ఆ ఖాళీతోనే పైకి పంపాను. వాటిలో చాలా వాపసు వచ్చాయి.