సర్పగంధ కషాయం దాచిపెట్టిన ఎండాకాలం

నా చిన్నప్పుడు అండమాన్‌లోని రంగత్‌లో మా నానమ్మ రక్తపోటుకు రెండు మందులు వాడేది. ఒకటి ఆసుపత్రి మాత్ర, రెండోది సర్పగంధ వేరు కషాయం. మొదటిది అందరికీ తెలుసు. రెండోది మా ఇద్దరికే తెలుసు, ఎందుకంటే కాచేవాణ్ణి నేనే.

దాచడానికి కారణం ఆసుపత్రి కాంపౌండర్. ఒకసారి నానమ్మ ఆ వేరు మంచిదేనా అని అడిగితే, వరుసలో ఉన్నవాళ్లందరి ముందూ, "జంగిల్ దవా తాగేదానివి ఇక్కడికెందుకొచ్చావు? అడవికే పో!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. చర్చికి కట్టుకునే చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె బయటికి నడిచింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈ రోజుకీ నా పళ్లు బిగుసుకుంటాయి.

ఆ ఎండాకాలం డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు. నేనేమో చిక్కగా ఉంటే మేలనుకుని కషాయంలో ఇంకో వేరుముక్క వేశాను. ఆదివారం చర్చిలో పాటకు లేచి నిలబడ్డ నానమ్మ ఉన్నచోటే కూలిపోయింది.

అక్కడే ఉన్న మా పక్కింటి నర్సు దీదీ నాడి చూసింది. చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఏం మందులేసుకుందని అడిగితే మాత్ర పేరు, రంగు, వేళ వరసగా అప్పజెప్పాను.

"ఇంకా?"

కషాయం సంగతి ఎవరికీ చెప్పనని నానమ్మకు మాటిచ్చాను. మాత్ర రంగే మళ్లీ చెప్పాను.

"నేనెవర్నీ తిట్టను బాబూ. ఇంకేం తాగిందో తెలిస్తేనే డాక్టర్ ఏమైనా చేయగలడు, బస్, అంతే."

చెప్పేశాను. పరిగెత్తి మిగిలిన వేరు కూడా తెచ్చాను.

నానమ్మ బతికింది. "మాట తప్పావురా," అంది, నా చేయి మాత్రం వదలలేదు.

ఆ వేరు ఉత్తది కాదని దీదీ చెప్పింది. అందులోని పదార్థం నరాలు రక్తనాళాలను బిగించే జోరు తగ్గిస్తుంది, గుండె వేగం కూడా తగ్గిస్తుంది. మోతాదు పెంచిన మాత్ర కూడా అటే లాగడంతో నానమ్మ కూలిపోయింది. ఏ ముక్కలో ఎంతుందో కొలిచే సాధనం మా వంటింట్లో లేదు. ఆ పదార్థాన్నే విడదీసి, తూచి, మాత్రగా కూడా అమ్మారని ఫార్మసీ చదివాక తెలిసింది. నా కోపం రెట్టింపయింది. ఆ కాంపౌండర్ నవ్వింది నిజమైన మందును చూసి!

ఇప్పుడు మందుల కౌంటర్ వెనక నేనుంటాను. ప్రతి చీటీకీ ముందు, ఇంట్లో ఇంకేం తాగుతున్నారని అడుగుతాను. మొన్న ఒక ముసలమ్మ కొంగుముడి విప్పి వేరు చూపిస్తే, కొత్తగా చేరిన ఫార్మసిస్టు నవ్వబోయాడు. ఆ నవ్వు పూర్తి కానివ్వలేదు.