పొద్దున్నే మూగబోయే కాటా

దేవసహాయం గారు నూనె సీసా లేకుండా కనబడరు. అల్లవరం దగ్గర ఒక కొబ్బరికాయల యార్డులో లారీలు తూచే కాటా గదికి ఆయనే మనిషి. ఆ సముద్రపు గాలికి ఇనుమనేది బతకదు. అందుకని శనివారం సాయంత్రమయ్యేసరికి గదంతా తుడిచి, తాళానికి, తలుపు బందులకి, సైకిలు గొలుసుకి కోడి ఈకతో కొబ్బరినూనె రాస్తారు. ఆదివారం ఏ వస్తువూ కిర్రుమనకూడదట. మనిషీ అంతే, గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ఆ గదిలో కంప్యూటరు మాత్రం పాతకాలపు మొండిఘటం. దాని వెనక సూదులున్న సీరియల్ పోర్టు ఉంటుంది. బరువు అంకెలు చూపించే కాటా పెట్టె నుంచి తీగ వచ్చి అక్కడ తగులుకుంటుంది. బరువు ఆ తీగ వెంట వచ్చి తెరమీద పడితేనే చీటీ అచ్చవుతుంది. ఇప్పుడెవరూ వాడని సరుకు. అమలాపురంలో దాన్ని ముట్టుకునే మెకానిక్కుని నేనొక్కణ్ణే మిగిలాను. అది గొప్పో ఖర్మో తెలీదు.

కిందటి డిసెంబరులో, తెల్లారగానే వచ్చే లారీలకి తెరమీద సున్నా తప్ప ఏమీ పడకుండా పోయింది. పెట్టెమీద బరువు కనబడుతూనే ఉండేది. దేవసహాయం గారు అది చూసి చేత్తో చీటీ రాసిచ్చేవారు. ఎండెక్కేసరికి కంప్యూటరు బుద్ధిగా పనిచేసేది. యజమాని సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి అనుమానం వచ్చింది, పొద్దున్నే ఈయన తీగ కదిపేసి నచ్చిన బరువు రాసుకుంటున్నాడని. గది తాళంచెవి తీసేసుకుని తన ఇంటి మేకుకి తగిలించారు, పొద్దున్నే తనే వచ్చి గది తెరిచి వెళ్ళేవారు. వారంలోగా కారణం తేలకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నారు.

నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమయ్యేది, అంతా శుభ్రంగా పనిచేస్తుండేది. తీగ మార్చాను. కంప్యూటరులో పోర్టు నంబరూ, వేగమూ సరిచూశాను. పోర్టులో రెండు సూదుల్ని కలిపి, టైపు చేసిన అక్షరం తిరిగొస్తుందా అని చూస్తే అదీ వచ్చింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ సున్నా. నాకు బుర్ర తిరిగిపోయింది. ఒక్కోసారి నాకూ ఆయనమీదే అనుమానం వచ్చేది, అలా అనుకున్నందుకు నామీద నాకే చిరాకేసేది. ఆయనకైతే తనమీద తనకే నమ్మకం పోయినట్టుంది.

"నిద్రమత్తులో నేనేవన్నా పీకేస్తన్నానాండీ?" అని అడిగారు. వేళాకోళం కాదు, నిజంగానే.

ఆఖరికి తొలి బస్సుకే పోయాను. ఒకటే మంచు. పోర్టులో చలనం లేదు. తల పట్టుకుని కూర్చుంటే, దేవసహాయం గారు గుమ్మం బయట ఎండ తగిలేచోట నూనె సీసా పెట్టడం కనబడింది. లోపల నూనె తెల్లగా పేరుకుపోయి ఉంది. చలికాలంలో మా ఇంట్లోనూ చూసేదే, అయినా ఆరోజు తేరిపార చూశాను.

"దీన్ని కంప్యూటరుకి కూడా రాస్తారాండీ?"

"ఆయ్. మొన్న వానల్లో ఆ సూదులకి పచ్చగా చిలుం పట్టిందండి. అప్పట్నుంచీ శనివారం శనివారం రాస్తన్నాను. పాడైపోద్దని."

ఆ నూనె దుమ్ముతో కలిసి జిడ్డయింది. చలికి గడ్డకట్టి సూదుల్ని మూసేస్తోంది, ఎండకి కరిగి దారిస్తోంది. నేను మార్చిన కొత్త తీగా ఆ జిడ్డులోనే దూరింది. స్పిరిట్‌లో ముంచిన బ్రష్షుతో కడిగి తగిలించగానే తెరమీద లారీ బరువు పడింది.

యజమాని అంతా విని నవ్వలేదు, తిట్టలేదు. ఇంటికెళ్ళి తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, పని చూసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. దొంగ కాదని తేలినందుకు సంతోషించాలో, చెడగొట్టింది తన చెయ్యేనని తేలినందుకు ఏడవాలో దేవసహాయం గారికి తెలియడం లేదు.

మేకుకి వేలాడిన ఆ కొద్దిరోజుల్లోనే తాళంచెవికి ఎర్రటి తుప్పు మచ్చలు పడ్డాయి. ఆయన ఈక తీసి, సీసాలో ముంచి, ఆగిపోయి నావైపు చూశారు.

"దీనికి రాయొచ్చాండీ?"