పాతర మీది బండ

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... కిడ్నీ తీసిన ఈ కుట్ల మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది. ఎనభైల్లో, ఆస్పరి దగ్గర మా పల్లెలో.

మా తమ్ముడు వీరేశుకు మద్రాసులో నా కిడ్నీ పెట్టారు. అది ఒంటికి పట్టాలంటే రోజూ మాత్రలు మింగాలి. ఆ మాత్రలతో రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, దుమ్మూ బూజూ దగ్గరికి పోనీయొద్దు అన్నాడు డాక్టరు. నేనేం చేశాను? వాడు బతికితే, వాడి చేత్తోనే మా పాతరలోని జొన్నలు తోడించి ఉరుకుంద ఈరన్నకు ఇస్తానని మొక్కుకున్నాను. వాకిట్లో నేల తవ్వి గింజలు దాచిన గొయ్యి అది. రెండేళ్లుగా తెరవలేదు. ఇంటి గింజలు దుమ్మెట్లా అవుతాయి? వాణ్ని లోపలికి దించాను. పైకొచ్చేసరికి ముఖమంతా నల్లటి బూజు. పైగా నవ్వుతున్నాడు, మొద్దు వెధవ! నేనూ మా ఆయనా కలిసి పాతర మీదికి బండ జరిపి మూశాం.

పదిహేను రోజులకు జ్వరం. కన్ను వాచింది. ముక్కులోంచి నల్లగా కారింది. మా ఆయన జీపు కోసం ఆదోనికి పోయాడు. తెల్లారేదాకా వాణ్ని బతికించుకోవాలి... నేనొక్కదాన్నే.

నడిరేయి లేచాడు. ఒక్క దూకు దూకి నా గొంతు పట్టుకున్నాడు. తల గోడకేసి కొట్టాడు... ఒకసారి... మళ్లీ... నోరంతా రక్తం.

"పాతర తియ్యక్కా! ఊపిరాడల్యా! నన్ను లోపలే పెట్టి మూసినావు!"

"ఈడ్నే ఉండావు గదరా... ఇడువురా, సచ్చిపోతా!"

నా కుట్ల మీద మోకాలేసి తొక్కాడు. చేతికందిన చెంబుతో వాడి నెత్తిన కొట్టాను. పాలు తాపి పెంచిన చేత్తో... కొట్టాను.

అప్పుడు... బయట... గర్ర్... ర్ర్... బండ జరుగుతున్న చప్పుడు. మెల్లగా... ఆగి... మళ్లీ. వాడి వేళ్లు వదులయ్యాయి.

"గాలి వస్తాందక్కా," అన్నాడు. నా ఒళ్లోనే వాలిపోయాడు.

జీపు వచ్చేసరికి ప్రాణం లేదు. వాకిట్లో పాతర నోరు తెరుచుకుని ఉంది. ఆ బండ కదలాలంటే ఇద్దరు పట్టాలి.

బూజు ముక్కులోంచి మెదడుకెక్కింది, అందుకే అట్లా అరిచాడని డాక్టరు తర్వాత చెప్పాడు. సరే, ఒప్పుకుంటాను. మరి బండో? ఎవరు జరిపారో ఈనాటికీ నాకు తెలియదు... వాణ్ని అందులోకి దించింది మాత్రం నేనే.