బామ్మర్ది చిమ్నీకి పొగ లేదు

సూరత్‌లోని సచిన్ పారిశ్రామికవాడలో, ఒక రంగుల మిల్లులో సదానందం బాయిలర్‌కు బొగ్గు వేస్తాడు. సిరిసిల్ల నుంచి మగ్గం పనికి వచ్చినవాడు. మోతకు చెవులు దిబ్బడేసి ఈ వేడిలోకి మారాడు. అప్పట్లో బాయిలర్ పనివాళ్లు మిద్దె ఎక్కి చిమ్నీలు చూసేవారు. పొగ ఎంత నల్లగా లేస్తే ఆ షిఫ్టువాడు అంత మొనగాడు. ఆ లెక్కన సదానందాన్ని మించినవాడు లేడు.

తర్వాత చిమ్నీలకు మీటర్లొచ్చాయి, పొగకు హద్దు పెట్టారు. మొనగాళ్ల లెక్క తలకిందులైంది. గాలికి మంచిదే, సదానందానికి కాదు. ఎందుకంటే పక్క మిల్లులో అంబదాస్ చిమ్నీ ఉన్నట్టుండి శుభ్రపడింది. అంబదాస్ అతని భార్య వినోదకు తమ్ముడు. వాడికి పార పట్టడం నేర్పింది సదానందమే.

ఆ మిల్లుకు సన్మానం చేశారు. 2070 నాటికి దేశం కర్బన ఉద్గారాల్లో నికర సున్నా చేరాలని వేదిక మీద ఒకాయన గొంతు చించుకున్నాడు. అప్పటికి సదానందానికి నూరేళ్లు దగ్గరపడతాయి. అతని కళ్లు మాత్రం అంబదాస్ భుజాల మీది శాలువాను వదల్లేదు. శాలువాతో ఇచ్చిన వేపమొక్క రెండు కుటుంబాలూ ఉండే మిద్దె మీదికి చేరింది. వినోద రోజూ దానికి నీళ్లు పోస్తూ మొగుణ్ణి పొడిచేది.

"మా తమ్ముని చిమ్నీ జూడు, పొయ్యి ముట్టిచ్చినట్టే లేదు. నీది జూడు, బర్రె లేసి నిలబడ్డట్టున్నది."

"వానికి మంచి బొగ్గు దొరుకుతున్నదే."

"బొగ్గు గాదు, చెయ్యి మంచిది."

ఆ మాట కాల్చింది. బొగ్గుపొడి ఎగరకుండా కాస్త తడపడం అందరూ చేసేదే. మర్నాడు సదానందం బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించాడు. పొగ తెల్లబడింది. మిద్దె మీంచి మబ్బులా కనిపిస్తుందని మురిశాడు. మీటరుకు రంగుతో పనిలేదు, అది దుమ్మునే కొలుస్తుంది. పైగా తడి బొగ్గుతో రంగు తొట్లను కాచే ఆవిరి పడిపోయింది. ముదురు నీలం చీరల గుడ్డ మచ్చలు మచ్చలుగా బయటికొచ్చింది.

"ఏందే సదానందం, చీరెకు గజ్జి లేసిందా?" రంగు మాస్టర్ లస్మయ్య అందరి ముందూ అరిచాడు. "ఇంకొక్కపారి గిట్లయితే నీ పార ఇంకొకనికిస్త."

షిఫ్టు దిగగానే సదానందం బామ్మర్ది గుట్టు తేల్చుకుందామని పక్క మిల్లుకు నడిచాడు. బాయిలర్ తలుపు మీద అంబదాస్ బనియన్ ఆరేసి ఉంది.

"ఏందిరా, గింత సల్లగున్నది?"

"బందయి రెండు నెలలాయె బావా. అవతల పెద్ద బాయిలర్ పెట్టిండ్రు, అన్ని మిల్లులకు ఆవిరి ఆడికెళ్లే పైపుల వస్తది. నేను ఆవిరి గేజీ ముల్లు జూసుకుంట కూసుంట."

"మరి శాలువా?"

"చిమ్నీకి పొగ లేదు గద, కప్పిండ్రు." అంబదాస్ అతని మసి చేతుల వంకే చూశాడు. "నీకేంది బావా, నిప్పు కాడున్నవ్. నన్ను గేటు కాడికి మారుస్తరట. అక్కకు జెప్పకు."

సదానందానికి జాలి కలగాలి. కలగలేదు. అంబదాస్ కుర్చీకి పైన ఫ్యాను తిరుగుతోంది.

మర్నాడు పొడి బొగ్గు పార నిండా ఎత్తి వేశాడు. పొగ మళ్లీ నల్లగా లేచింది, ఆవిరి నిలబడింది, లస్మయ్య నోరు మూసుకున్నాడు. మీటరు సంగతి మిల్లు యజమాని సేఠ్ చూసుకుంటాడు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాడు.

"మా తమ్మునికేమయిందో," అంది వినోద. "పొద్దున మిద్దెక్కినోడు దిగలే. నీ పొగనే జూసుకుంట నిలవడ్డడు."

సదానందం మారు అన్నం పెట్టమన్నాడు.