ఏడు బావుల ఎరుపు

పలాసలో మా వీధికి మంచినీళ్ల క్యాన్లు వేసే ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: క్యాన్ తెస్తాడు, మూత తేడు. అడిగితే "మూతకి ఏరే బండొత్తాదండి" అంటాడు. ఆ బండి ఇంతవరకూ రాలేదు. అందుకని క్యాన్ మూతికి ఒక పాత ఎర్రగుడ్డ కడతాను. తడిస్తే అది ఇప్పటికీ కరక్కాయ వాసన వేస్తుంది. ఇంట్లో ఇంకెవరికీ వేయదట.

నేను నాలుగో తరగతి చదివేనాటికే, సంతబొమ్మాళి అవతల సముద్రపు హోరు వినబడే మా ఊళ్లో అద్దకం చచ్చిపోయి, అందరూ టెక్కలి నుంచి నైలాన్ చీరలు తెచ్చుకుంటున్నారు. ఆ సంగతి మా నాయనమ్మకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఏటా చలికాలంలో ఇసుక దిబ్బల్లో, ఎర్రరంగు తీసే చిరివేరు తవ్వించేది. పైకి చూస్తే గడ్డిమొక్క, కింద మూరెడు వేరు. దాన్ని ఎండబెట్టి దంచి, కరక్కాయ నీళ్లలో, పటికలో నానిన గుడ్డతో కలిపి కొబ్బరి మట్టల మంట మీద ఉడికిస్తుంటే, అదే నిప్పుల్లో మేం తేగలు కాల్చుకుని, ఎర్రబడ్డ వేళ్లతో ఒలుచుకు తినేవాళ్లం. ఎరుపు వేరులో లేదు, నీళ్లలో ఉందనేది నాయనమ్మ. ఎవరు కొత్త బావి తవ్వినా జానెడు గుడ్డ ఆ నీళ్లలో ఉడికించి, వచ్చిన రంగును బట్టి బావికి మార్కులేసేది.

ఆ ఏడే నాన్నకు కాళ్లు వాచాయి. కిడ్నీలన్నాడు టెక్కలి డాక్టరు. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషి అరుగెక్కడానికి అమ్మ భుజం పట్టుకున్నాడు. మా వైపు అప్పటికే పలకరింపు "తిన్నావా" నుంచి "క్రియాటిన్ ఎంత"కు మారింది. నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు. ఎవరెవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లారు. సీసాలు కూడా తిరిగి రాలేదు.

"నాను సూత్తాను" అంది నాయనమ్మ.

ఏడు బావుల నీళ్లు అమ్మా నేనూ మోశాం. ఏడు కుండలు, ఏడు గుడ్డలు. నాయనమ్మ తిండి మానేసి పొయ్యి ముందే కూర్చుంది. ఆరు గుడ్డలు ఇటుక రంగుకొచ్చి ఆగిపోయాయి. దిబ్బ పక్క పాడుబావి నీళ్లలో ఉడికింది మాత్రం మందారంలా వెలిగింది.

"ఇవే నీల్లు. నా కొడుకు లేసి తిరుగుతాడు."

ఆ రోజు నుంచి నాన్నకు ఆ నీళ్లే. చెంబు అందుకుంటూ ఒకసారి అడిగాడు: "ఏటమ్మా, నాను గుడ్డనా?"

"నోర్మూసుకోని తాగు."

అందరికన్నా ఎక్కువ నాన్నే నవ్వాడు. మేమూ నవ్వాం, ఇంకో ఉపాయమేదీ లేక. విశాఖ ఆసుపత్రికి బస్సులో వెళ్లేటప్పుడు కూడా ఒళ్లో ఆ బావి నీళ్ల సీసా ఉండేది.

జీడిపూత రాలకముందే నాన్న పోయాడు. నాయనమ్మ మిగిలిన చిరివేరంతా పొయ్యిలో పెట్టింది. మండేటప్పుడు దానికి ఏ రంగూ లేదు; మామూలు మంటే.

ఆ దిబ్బల మీద ఇప్పుడు సరుగుడు తోటలు. బావి మీద సిమెంటు పలక, దాని మీద ఎవరిదో మోటారుసైకిలు. పోయినేడు వెళ్లి చిరివేరు ఎక్కడుందని అడిగితే, ఊరివాళ్లు నా కోసం ఫోన్లో వెతికారు. నాయనమ్మ లేదు. మిగిలింది ఆ మందారపు గుడ్డ ఒక్కటే.

మొన్న అమ్మ వచ్చింది. గ్లాసు పట్టుకుని క్యాన్ దగ్గరికెళ్లి, మూతికి కట్టిన గుడ్డ అంచు పట్టుకుని చూసింది.

"మీ నాన్నకి అక్కరకి రాని గుడ్డ, నీ కేనుకి పనికొచ్చిందేటే" అంది.