కూత పడని మధ్యాహ్నం

యుద్ధం రోజుల్లో మా ఊరి తల్లులు పిల్లల్ని భోజనానికి పిలవడానికి ఒక మాట వాడేవాళ్లు. "ఏడుపు పడింది, చేతులు కడుక్కో" అనేవాళ్లు. బయటి ఊరివాళ్లు అది విని ఉలిక్కిపడేవాళ్లు. మాకు మాత్రం అందులో వింతేమీ ఉండేది కాదు. ఆ ఏడుపు సైరన్‌ది. దాన్ని ఏడిపించే చెయ్యి మా వదినది.

వదిన పోయి ఇంకా నెల తిరగలేదు. ఆమె మంచం మీది దుప్పటి మడత అలాగే ఉంది, విప్పడానికి నాకు మనసు రావడం లేదు. అలాంటి మడత పెట్టడం ఇంట్లో ఇంకెవరికీ చేతకాదు.

ఆమె మా అన్నయ్య భార్య. ఇద్దరం ఒకే లాండ్రీలో పనిచేసేవాళ్లం. నాది ఇస్త్రీ బల్ల, ఆమెది బట్టలు పిండే యంత్రం. రెండు చెక్క రోలర్ల మధ్య తడి దుప్పటి దూర్చి, పక్కనున్న ఇనప పిడి పట్టుకుని తిప్పాలి. మగవాళ్లే వంతులేసుకుని తిప్పే ఆ పిడిని ఆమె ఒక్కతే కబుర్లు చెబుతూ తిప్పేది.

"నీ చేతిలో పడితే దుప్పటేం ఖర్మ వదినా, మా అన్నయ్య కూడా పొడిబారిపోతాడు" అనేదాన్ని.

"మీ అన్నయ్యని పిండితే ఏం రాలుతుందే ఆడపడుచూ, నాలుగు పాత జోకులు తప్ప?" అనేది.

అన్నయ్యకి సైన్యం నుంచి పిలుపు వచ్చి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి లాండ్రీ కప్పు మీద సైరన్ తిప్పే మనిషికి కూడా పిలుపు వచ్చింది. ఆ పనికి ఇంకొకరిని వెతుక్కుంటూ, విమాన దాడుల జాగ్రత్తలు చూసే వార్డు ఆఫీసరు మా దగ్గరికి వచ్చాడు. యుద్ధానికి ముందు ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. ఇక్కడ ఎవరి చెయ్యి గట్టిదని అడిగితే అందరం వదిన వైపు చూశాం.

"ఆడమనిషా?" అన్నాడాయన.

"సైరన్‌కి మీసాలు కావాలా సార్?" అంది వదిన.

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. అలా ఆ పని ఆమెదైంది.

సైరన్‌కి రెండు కూతలు. పిడిని ఒకసారి వేగంగా, ఒకసారి మెల్లగా తిప్పితే గొంతు పైకి లేచి కిందికి పడుతుంది. అది ప్రమాదం కూత, దాన్నే ఊరు ఏడుపు అనేది. ఒకే వేగంతో తిప్పితే నిలకడగా వచ్చేది గండం గడిచిన కూత. విమానాలు చీకటి పడ్డాకే వచ్చేవి. పగలు ఒక్కసారి కూడా రాలేదు. అందుకని రోజూ మిట్టమధ్యాహ్నం సైరన్‌ని పరీక్షగా మోగించాలని ఆఫీసరు నియమం పెట్టాడు. ముందు ఏడుపు, తర్వాత నిలకడ కూత. "చెవులకి అలవాటు కావాలమ్మా" అనేవాడు.

చెవులకి బాగానే అలవాటైంది. బడి గంటని ఫిరంగులు పోతపోయడానికి పట్టుకుపోయారు. వర్క్‌షాపుల గంటలూ అదే దారి పట్టాయి. గంటల పని సైరన్ నెత్తిన పడింది. మధ్యాహ్నం ఏడుపు వినగానే వర్క్‌షాపుల తలుపులు బార్లా తెరుచుకునేవి. బడి తలుపు తోసుకుని పిల్లలు పరుగున వచ్చేవాళ్లు. రేషన్ వంట బండిని షెడ్డులోంచి కూడలి నడుమకి లాగేవాళ్లు. నిలకడ కూత పడేసరికి కూడలి నిండా జనం, చేతుల్లో కంచాలు. ఏ కూత విని నేల కిందికి దూరమన్నారో ఆ కూతకే ఊరంతా ఆరుబయటికి వచ్చేది. కప్పు మీద నుంచి చూసి మేం నవ్వుకునేవాళ్లం కూడా.

ఒక్క మనిషి మాత్రం కిందికి దిగేది. లాండ్రీ వెనక సందులో ఉండే తాళాల మేస్త్రీ తల్లి. ఊళ్లో అందరికీ ఆమె భయాల బామ్మ. ఏడుపు పడగానే కంచం మీద మూత పెట్టుకుని, చెప్పులీడ్చుకుంటూ వచ్చి, మా లాండ్రీ నేలమాళిగ మెట్లు ఒక్కొక్కటే దిగేది. సబ్బు పెట్టెల మధ్య కూర్చుని తినేసి, నిలకడ కూత అయ్యాక పైకొచ్చేది. వర్క్‌షాపుల కుర్రకారు ఆమెని వదిలేవాళ్లు కాదు.

"బామ్మా, విమానాలు కూడా భోజనానికెళ్లాయి!"

"వెళ్లినవి తిరిగిరావేంట్రా?" అనేది ఆగకుండానే.

నేనూ ఒకసారి చెప్పి చూశాను, ఇది ఉత్తుత్తి కూతేనని. "ఉత్తుత్తిదో అసలుదో నాకు తెలీదమ్మా. నీకు తెలుసా? తెలిస్తే చెప్పు, దిగడం మానేస్తాను" అంది. 

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. వదినకి భోజనం పట్టుకుని నేను కప్పు మీదికి వెళ్లాను. సైరన్ పక్కన చిన్న చెక్క గది, అందులో కొండ మీది కాపలా గదికి మాత్రమే కలిసే ఫోన్. మధ్యాహ్నం కూతకి ఇంక కాసేపే ఉందనగా అది మోగింది. వదిన ఎత్తి విన్నది. "ఇటేనా?" అంది. మళ్లీ విన్నది. ఫోన్ పెట్టేసి వచ్చి సైరన్ పిడి మీద చెయ్యి వేసింది. తిప్పలేదు.

"ఏమైంది వదినా?"

"వస్తున్నాయి. కింద మనవాళ్లని మాళిగలోకి తోలు. పరిగెత్తు."

మెట్ల దాకా పరుగెత్తి, లాండ్రీ ఆడవాళ్లకి వినబడేలా గొంతు చించుకుని అరిచాను. బకెట్లు దొర్లిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆఫీసరు కప్పు మీద ఉన్నాడు. రోజూ పరీక్ష కూత చూడడానికి వచ్చినట్టే వచ్చాడు.

"ఇంకా మొదలెట్టలేదేం?" అన్నాడు.

"విమానాలు వస్తున్నాయి సార్."

ఆయన ఆకాశం వైపు చూశాడు. "మరి చూస్తారేం? తిప్పండి!"

"తిప్పితే ఏమవుతుందో మీరే చూడండి" అని వదిన గడ్డంతో కిందికి చూపించింది.

కూడలి ఖాళీగా ఉంది. చుట్టూ తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఆ తలుపుల వెనక ఊరంతా ఆకలితో, చేతులు కడుక్కోవడానికి సిద్ధంగా ఉంది. ఎదురుగా బడి. మా వదిన కొడుకు క్లాసు బడి తలుపు పక్కనే. కూత పడగానే అందరికంటే ముందు కూడలిలోకి దూకేది వాడే.

"ఇప్పుడు ఇది ఏడిస్తే అందరూ కంచాలు పట్టుకుని బాంబుల కిందికే వస్తారు సార్" అంది.

"నియమం ఉందమ్మా. విమానం వస్తే కూత వెయ్యాలి. వెయ్యకపోతే మిమ్మల్నీ నన్నూ కూడా నిలబెట్టి అడుగుతారు."

"అడగనీండి."

ఆయన పిడి పట్టుకున్నాడు. బలంగా లాగాడు. పిడి కదల్లేదు. వదిన మోచెయ్యి ఆ పిడికి అతికించినట్టుంది. మెడ మీద నరం ఒకటి తాడులా లేచింది. ఇద్దరూ పిడి మీద పెనుగులాడారు.

అప్పుడాయన చెయ్యి వదిలేసి, చాలా నెమ్మదిగా అన్నాడు. "కూత నమ్ముకున్న మనిషి ఒకామె ఉంది కదమ్మా. బామ్మ. కూత వినకపోతే ఆమె దిగదు."

 ఆ మాట వదినకి ముందే తట్టిందని మొహం చూస్తే తెలిసింది. కళ్లు బడి తలుపు మీంచి తిప్పలేదు.

"మీరు వెళ్లండి సార్" అంది చివరికి. "మీరే వెళ్లి ఎత్తుకునైనా తీసుకురండి. నేను దీన్ని వదల్లేను."

ఆయన మెట్ల మీద దడదడా దిగిపోయాడు.

ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. కూత పడాల్సిన వేళ దాటింది. లేత్ వర్క్‌షాపు పైకిటికీ ఒకటి తెరుచుకుంది.

"ఏమ్మా, నిద్రపోయావా? ఇక్కడ కడుపులు కాలిపోతున్నాయి!"

"లోపలే ఉండండి! విమానాలు!" అని అరిచాను. చేతులూపాను. అతనూ నవ్వుతూ కంచం ఊపాడు. వెనక ఇంకెవరో కంచం మీద గరిటెతో కొట్టడం మొదలెట్టారు. ఆ మోత ఒక వర్క్‌షాపు నుంచి ఇంకోదానికి పాకింది. కాసేపటికి కూడలి చుట్టూ గోడలన్నీ కంచాలు వాయిస్తున్నట్టే ఉంది. బడిలో పిల్లలు అందుకున్నారు. "ఏ-డు-పు! ఏ-డు-పు!" అని బల్లలు చరుస్తున్నారు. నా అరుపు నాకే వినపడలేదు.

"తలుపు తెరుస్తారేమో చూడు" అంది వదిన పళ్ల మధ్య నుంచి. "ఎవడైనా తెరిచాడంటే చెప్పు."

"తెరిస్తే ఏం చేస్తావు?"

"తెలీదు."

ఎవరూ తెరవలేదు. కూత లేకుండా తలుపు తియ్యకూడదన్నది ఫోర్‌మన్ల పట్టుదల. ఆ పట్టుదలని అంతకు ముందు ఎంత తిట్టుకున్నామో!

కంచాల మోత ఒక్కో చోటే ఆగిపోయింది. దాని అడుగున ఇంకో మోత ఎప్పటినుంచో ఉందని అప్పుడు తెలిసింది. కిటికీలోని మనిషి కంచం జారవిడిచి లోపలికి మాయమయ్యాడు. వదిన నన్ను కిందికి లాగి, ఒక చేత్తో పిడిని, ఇంకో చేత్తో నా మెడని పట్టుకుంది.

బాంబులు వరసగా పడ్డాయి. కూడలి బండలు పైకి లేచి కప్పుల మీద పడ్డాయి. వంట బండి షెడ్డు మొహం ఊడిపోయింది. బడి కిటికీల్లో ఒక్క అద్దం మిగల్లేదు. ఆఖరి బాంబు మా వెనక ఎక్కడో పడింది.

మోత దూరమయ్యాక వదిన లేచి నిలకడ కూత తిప్పింది. ఏడుపు ముందు లేకుండా ఆ కూతని ఊరు వినడం అదే మొదలు. తలుపులు తెరుచుకున్నాయి. బడిలోంచి పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వచ్చారు, అందరూ సున్నం కొట్టిన బొమ్మల్లా ఉన్నారు. వాళ్లలో ఎవరు తన కొడుకో వదినకి నడక చూసి తెలిసింది. కూడలి నడుమ ఉన్న గొయ్యి చుట్టూ తిరిగి వస్తున్నాడు. పిడి వదలాలనుకుంది గానీ వేళ్లు విడిపడలేదు. నేనే ఒక్కొక్కటే విడదీశాను.

ఆఫీసరు సందు మొగదల దాకా చేరగలిగాడు. మోకాళ్ల మీద పాకుతూ వెనక్కి వచ్చి లాండ్రీ గుమ్మంలో కూర్చున్నాడు. "సందు లేదమ్మా" అన్నాడు.

బామ్మని ఆమె గుమ్మం లోపలే కనుక్కున్నారు. చెప్పులు వేసుకుని, మూత పెట్టిన కంచం ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. కూత కోసం చూస్తూనే పోయింది. కూడలి వైపు వర్క్‌షాపులో ఉన్న ఆమె కొడుకు, తాళాల మేస్త్రీ, ఒంటి మీద గీత పడకుండా బయటికి వచ్చి, ఆ కంచం తీసుకున్నాడు.

విచారణ జరిగింది. నియమం తప్పిందని వదినని నిలబెట్టారు. ఆఫీసరు సాక్ష్యం ఇలా చెప్పాడు: "ఆమె నా మాట వినలేదు. నేనైతే తిప్పేవాణ్ని. తిప్పి ఉంటే బడిలో ఉన్న నా కూతురు ఆ వేళకి కూడలిలో ఉండేది." అంతటితో వదిలేశారు. ఊళ్లో వదినకి దండలు వెయ్యాలని కొందరు బయల్దేరారు. ఆమె వెనక తలుపు నుంచి లాండ్రీలోకి వెళ్లిపోయి మళ్లీ దుప్పట్లు పిండుకుంది. సైరన్ జోలికి ఇంక పోలేదు.

ఇప్పటికీ మా ఊళ్లో వర్క్‌షాపులన్నీ ఒకేసారి భోజనానికి వదలవు. ఒక్కోటి ఒక్కో వేళ. కూడలి మధ్యాహ్నం బోసిగా ఉంటుంది. అంత చోటుండి గోడల పక్కన నిలబడి తింటారేమిటని కొత్తవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఇప్పటి పిల్లలకి కారణం తెలీదు, అయినా వాళ్లూ అలాగే తింటారు. యుద్ధం సంతకాలతో ఆగిపోయిందని పుస్తకాల్లో ఉంటుంది. మా ఊళ్లో అది తిండి తినే పద్ధతిలో మిగిలింది.

వదినలో ఇంకోలా మిగిలింది. ఆ మరుసటి వారం నుంచే మధ్యాహ్నం కంచం మీద మూత పెట్టుకుని నేలమాళిగలోకి దిగడం మొదలెట్టింది. యుద్ధం అయిపోయాక అన్నయ్య తిరిగొచ్చి, కొన్నాళ్లు తనూ వెంట దిగాడు.

"ఏమే, నేను కందకాల్లో తిన్నది చాలలేదా?" అన్నాడు ఒకరోజు దగ్గుతూ.

"నిన్నెవరు రమ్మన్నారు? పైన తిను పో" అంది. ఆయన్ని పంపేసి తను మాత్రం మానలేదు.

తాళాల మేస్త్రీ ఆమె ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. ఏళ్లు అలాగే గడిచాయి. ఒకసారి నేలమాళిగ తలుపు తాళం పట్టేసింది. లాండ్రీ యజమాని అతన్నే పిలిచాడు. అతను తలుపు తెరిచేసరికి మధ్యాహ్నమైంది. పనిముట్ల సంచితో మెట్ల చివర ఆగి ఉన్నాడు. వెనకనే కంచంతో వదిన, ఆమె వెనక నేను. వెనక్కి తిరుగుదామా అనుకున్నాను. వదిన అతని పక్క నుంచి వెళ్లి ఎప్పుడూ కూర్చునే చోట, పెట్టె మీద కూర్చుంది. మూత తియ్యలేదు.

అతను ముందుకొచ్చాడు. సంచిలోంచి ఇనప రాడ్డు తీశాడు. నేను ఒక అడుగు ముందుకి వేశాను.

"అక్కడ కాదు" అన్నాడు.

వదిన తలెత్తింది.

"మా అమ్మ అక్కడ కూర్చునేది కాదు. అక్కడ పైనుంచి సబ్బునీళ్లు కారతాయి. ఇటు, ఈ మూలకి." రాడ్డుతో ఒక పాత పీపాని గోడవారకి నెట్టి, బోర్లించాడు. "దీని మీద."

వదిన లేచి వెళ్లి దాని మీద కూర్చుంది. అతను తాళం విప్పుకుంటూ అటు తిరిగాడు.

"నేను తిప్పి ఉంటే..." అంది వదిన.

"తిప్పి ఉంటే ఆమె ఉండేది. నేను ఉండేవాణ్ని కాదు." తాళంలోకి నూనె చుక్క వేశాడు. "రోజూ అనుకుంటాను. ఎటూ తేలదు."

"నాకూ తేలదు."

"తినండి. చల్లారిపోతుంది."

ఆమె మూత తీసింది. అతను పని ముగించి వెళ్లిపోయాడు. తర్వాత చూసుకుంటే ఆ తాళం లోపలి నుంచి చెవి లేకుండానే తెరుచుకునేలా మార్చి పెట్టాడు.

మొన్న వదిన గిన్నెలు తెచ్చుకోవడానికి నేలమాళిగలోకి దిగాను. పీపా ఆ మూలనే ఉంది. పైన దుప్పట్లు పిండుతున్నారు. సబ్బునీళ్లు ఇటు రాకుండా, వదిన మొదట్లో కూర్చునే ఆ పెట్టె మీదే పడుతున్నాయి.