దూలం గాలిలో ఆగిన మధ్యాహ్నం

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫోన్ చేసి, ఇంజనీరింగ్ పిల్లలకు నాయకత్వం గురించి ఓ గంట మాట్లాడమని అడిగారు. ఒప్పుకున్నాను గానీ, ఏం చెప్పాలా అని కూర్చుంటే పాఠాలేవీ తోచలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం ఎండతో సహా కళ్ళ ముందు నిలిచింది.

మన ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుండి, బంద్ అంటే గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయి లారీలు ఎక్కడివక్కడే నిలిచిపోయేవి. మాది అక్కడి పాత రైతు కుటుంబమే. తమ్ముడు జెండా పట్టుకుని ఒక దిక్కు పోతే, నేను హెల్మెట్ పట్టుకుని ఎల్బీనగర్ వైపు కడుతున్న వంతెన పనికి పోయేదాన్ని. అక్కడ నా పైఅధికారి, మేమంతా పెద్దసారు అని పిలుచుకునే ఆయనది గుంటూరు వైపు. ఇంట్లో ఆయన పేరెత్తితే అమ్మ మాట మార్చేది, సైట్లో తమ్ముడి సంగతి నేను ఎత్తేదాన్ని కాదు.

పెద్దసారు మితభాషి. రోజూ పని మొదలుపెట్టే ముందు అందరినీ పోగుచేసి, ఎవరికైనా ఏదైనా అనుమానం ఉందా అని అడిగి, ఎవరో ఒకరు నోరు విప్పేదాకా ఓపిగ్గా నిలబడేవారు.

అలాంటి ఒక బంద్ రోజున, రోడ్డు ఖాళీగా ఉంటుంది కదా అని పెద్దసారు, రోడ్డుకు అడ్డంగా వేయాల్సిన పెద్ద కాంక్రీటు దూలాన్ని రెండు క్రేన్లతో ఎత్తించడం మొదలుపెట్టారు. దూలం సగం ఎత్తుకు చేరిందో లేదో, ఒక క్రేను నేలకు ఆనించిన కాలు కింద మట్టి కుంగింది. అడుగున పాత మురుగుకాలువ ఉన్నట్టు మా నక్షాల్లో ఎక్కడా లేదు. దూలం ఒక పక్కకు ఒరిగి గాలిలోనే ఆగిపోయింది. ఆ కాలు కింద చెక్కదిమ్మెలు పేర్చి గట్టిపరిస్తే తప్ప దాన్ని ఎత్తనూ లేము, దించనూ లేము. సరిగ్గా అప్పుడే, ఆ దూలం కిందుగానే పోవాల్సిన ఊరేగింపు దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చింది. ముందు వరుసలో మా తమ్ముడున్నాడు.

పోలీసులను పిలిపించి జనాన్ని చెదరగొట్టించమని హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. లాఠీలు లేస్తే జనం ఎటు పరిగెత్తుతారో ఎవరూ చెప్పలేరని, ఆ పని చేయనని చెప్పి పెద్దసారు ఫోన్ పెట్టేశారు. మీ యాసతో మీరు వెళ్ళొద్దని పనివాళ్ళు చెబుతున్నా వినకుండా ఎదురు నడిచారు. నేనూ వెంట వెళ్ళాను.

తమ్ముడు ఆయన్ని చూడనైనా చూడకుండా నన్నే అడిగాడు. "బంద్ నాడు గీ పనేందక్కా? మమ్మల్ని ఆపనీకె నాటకమా గిది?"

నేను నోరు తెరిచేలోపు పెద్దసారే చెప్పారు. "నాటకం కాదు బాబూ. క్రేను కాలు కుంగింది. దూలం నిలుస్తుందో లేదో నాకే తెలీదు. ఇవాళ పని పెట్టించింది నేనే. దాన్ని మీ అక్క సరిచేయిస్తుంది. అయ్యేదాకా నేను మీ మధ్యే కూర్చుంటాను, ఎక్కడికీ పోను."

అని, నన్ను వెనక్కి పొమ్మని సైగ చేసి, వాళ్ళ ముందే రోడ్డు మీద చతికిలపడ్డారు.

తమ్ముడు ఒరిగిన దూలం వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు. "జర పైలమక్కా" అని నాకు జాగ్రత్త మాత్రం చెప్పి తనూ కూర్చున్నాడు. ఒకరి వెనక ఒకరు అందరూ కూర్చున్నారు. క్రేను దగ్గర మేము ఒక్కో దిమ్మె లోపలికి జరుపుతుంటే నినాదాలు ఆగిపోయి, అంత మంది ఉన్న ఆ రోడ్డు మీద ఇంజను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. ఒక్కో దిమ్మె కుదిరాక వంగి చూసి, తర్వాతి దానికి సైగ చేశాను. పొద్దు వాలుతుండగా దూలం స్తంభాల మీద కుదురుకుంది.

లేచి బట్టలు దులుపుకుంటూ తమ్ముడు, "బంద్ నాడు పనిజేసుడు మాత్రం తప్పే సారూ" అన్నాడు. పెద్దసారు తప్పేనని ఒప్పుకున్నారు. కంపెనీకి కూడా అదే రాసిచ్చారు, నేల పరీక్ష చేయించిన వాళ్ళ మీదకు గానీ నా మీదకు గానీ ఏదీ రాకుండా. కొన్నాళ్ళకే ఆయన్ని వేరే రాష్ట్రానికి మార్చి, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఆయన్ని సాగనంపడానికి నాతో పాటు స్టేషనుకు వచ్చింది మా తమ్ముడొక్కడే. ఆయన పెట్టె తమ్ముడే మోశాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. పెద్దసారు కన్నుమూసి కూడా చాలా ఏళ్ళయింది. ఇప్పటి పనుల్లో జాగ్రత్తలు ఎన్నో పెరిగాయి, నేలలోతు చూసే యంత్రాలొచ్చాయి, సంతోషమే. కానీ ఎక్కడైనా ఏదైనా కూలిందని వింటే టీవీ ముందు కూర్చుని చాలాసేపు చూస్తాను. కంపెనీ ప్రకటన వస్తుంది, విచారణ సంఘం వస్తుంది. జనం మధ్యకు ఒక మనిషి వస్తాడేమోనని ఎదురుచూస్తాను.